పక్క చేలో బీజీ-3 పత్తి వేస్తే మన నాటు విత్తనం పాడవుతుందా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, పద్మనాభం మండలంలో మీ తాతగారి మూడెకరాల్లో నాలుగేళ్లుగా మందుల్లేని సేద్యం చేస్తున్నారు. పల్లంలో రెండు రకాల పాత వరి, గరువులో నువ్వులు, చోడి, తెల్ల నాటు మొక్కజొన్న, పెరట్లో వంగ, శ్రీకాకుళం వైపు నుంచి గింజలు తెచ్చి వేసిన కొండపత్తి ఓ అయిదారు సాళ్లు. పండింది విశాఖలో అపార్ట్‌మెంట్ల వాళ్లకు నేరుగా అమ్ముతున్నారు. ఈ ఏడు పక్క చేను కౌలుకు తీసుకున్నాయన బిల్లు లేని ప్యాకెట్లు తెచ్చి పత్తి వేశాడు. ‘గడ్డిమందు కొట్టినా చావదమ్మా, బీజీ-3’ అని ఆయనే చెప్పాడు. ఈ సంగతి మీరు మాటవరసకు అంటే, ఎంవీపీ కాలనీలో మీ దగ్గర బియ్యం కొనే ఆవిడ ‘పక్కన జీఎం పంట ఉంటే మీ బియ్యం ప్యూర్ ఎలా అవుతాయి?’ అని అడిగారు. అప్పట్నుంచి మీకు టెన్షన్. విత్తనం పాడవుతుందా, ఎవరికి చెప్పాలి, సేంద్రియ సర్టిఫికెట్ పోతుందా, కొత్తగా వచ్చిన జీన్ ఎడిటింగ్ సాంబ మసూరి సంగతేమిటి అని అడిగారు.

నేను ఉత్తరాంధ్ర జిల్లాల్లో విత్తన ధ్రువీకరణ పని మీద 28 ఏళ్లు గట్లంట తిరిగి, రిటైరై ఇప్పుడు పెందుర్తిలో ఉంటున్నాను. జీఎం, అంటే జన్యుమార్పిడి పంట, అనగానే చేతులెత్తి దండం పెట్టే రకాన్ని కాను, కర్ర పట్టుకుని తరిమే రకాన్నీ కాను. విత్తనం సంచి కనిపిస్తే చెయ్యి పెట్టి నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని చూసే అలవాటు మాత్రం ఇంకా పోలేదు.

ముందు ఆవిడ ప్రశ్న తేల్చేద్దాం. పత్తి పుప్పొడి వరికి అంటదు. చింతచెట్టు పక్కన మామిడి ఉంటే మామిడికాయ పులుపెక్కదు కదా, అదీ అంతే. మన దేశంలో సాగుకు అనుమతి ఉన్న జీఎం పంట ఇప్పటికి పత్తి ఒక్కటే, 2002 మార్చిలో వచ్చింది. జీఎం వరి సాగుకు అనుమతి లేదు. జనం హైబ్రిడ్‌నీ జీఎంనీ కలిపేస్తారు. తైవాన్ బొప్పాయి, గింజల్లేని ద్రాక్ష, ఆర్కే బీచ్‌లో బండి మీద అమ్మే స్వీట్‌కార్న్, అన్నీ జీఎం అనుకుంటారు. మన దగ్గర అమ్మే ఆ స్వీట్‌కార్న్ మామూలు సంకరంతో చేసినదే. దాని తీపి మొక్కజొన్నలో తనంతట తాను వచ్చిన మార్పు. ఈ మాట ఆవిడకు ఓపిగ్గా చెప్పండి, వింటారు.

అయితే మీ భయంలో నిజం లేదని కాదు. భయపడే చోటు వేరు, అంతే. ఏ పంటకు ఎంత ప్రమాదమో తెలియాలంటే ముందు దాని పువ్వు సంగతి తెలియాలి. వరి, చోడి పువ్వు విచ్చేసరికే తనలో తాను ఫలదీకరణ చేసుకుంటాయి. అందుకే విత్తన ధ్రువీకరణ ప్రమాణాల్లో ఈ రెంటికీ వేర్పాటు దూరం, అంటే వేరే రకం చేనుకు ఉండాల్సిన ఎడం, మూడు మీటర్లే. నువ్వు పువ్వు మీద తేనెటీగ వాలుతుంది కాబట్టి యాభై మీటర్లు. వంగకు వంద. మొక్కజొన్నకు రెండు వందలు, మూల విత్తనమైతే నాలుగు వందలు. ఎందుకంటే దాని పుప్పొడి గాలికి ఎగిరి పీచు మీద పడుతుంది. మీ మూడెకరాల్లో నిజంగా బార్లా తెరిచి ఉన్న తలుపు మొక్కజొన్న. దానికి పత్తితో పని లేదు, చుట్టుపక్కల వేసే హైబ్రిడ్ మొక్కజొన్నతోనే పని.

ఇందులో మీకు ఒక అదృష్టం ఉంది. మీది తెల్ల గింజ. పసుపు మొక్కజొన్న పుప్పొడి దాని పీచు మీద పడితే, వచ్చే ఏడు దాకా ఆగక్కర్లేదు, ఆ కండెలోనే పసుపు గింజ కనిపిస్తుంది. పసుపు రంగు జన్యువు తెలుపును అణిచేస్తుంది, ఆ రంగు గింజలోని పిండి భాగంలోనే తేలుతుంది. అంటే మీ ప్రతి కండే ఒక కొలబద్ద. కోసినప్పుడు పొత్తి వలిచి, వంద కండెల్లో ఎన్నిటిలో పసుపు గింజలున్నాయో లెక్కపెట్టి పుస్తకంలో రాసుకోండి. పసుపు గింజ ఒక్కటి కనిపించినా ఆ కండెను విత్తనానికి ఉంచకండి, తినేయండి. దూరం కుదరకపోతే కాలంతో వేరు చెయ్యొచ్చు. పక్కవాళ్ల కన్నా నెల ముందో వెనకో విత్తితే పీచు, పుప్పొడి ఒకే వారంలో పడవు. ఇది ఏ ల్యాబుకూ పైసా ఇవ్వక్కర్లేని పద్ధతి.

ఇక కొండపత్తి. మీరు అందరికన్నా ఎక్కువ దిగులుపడ్డది దీని గురించే, అది సహజం. పొందూరు నూలుకు ప్రాణం ఈ కొండపత్తి, పునాసపత్తులే. వాలుగ చేప దవడతో దూది దువ్వి సన్న నూలు తీసే ఆ పని మిల్లు పత్తితో నడిచేది కాదు. కానీ ప్రకృతి ఇక్కడ మీ పక్షాన ఉంది. కొండపత్తి దేశవాళీ జాతి, దాని కణంలో క్రోమోజోములు 26. బీటీ హైబ్రిడ్లు, అంటే పురుగును చంపే బాక్టీరియా జన్యువు పెట్టినవి, పక్క చేలోది సహా అమెరికన్ జాతి పత్తి, వాటిలో 52. తేనెటీగ ఆ పుప్పొడి తెచ్చి ఈ పువ్వులో వేసినా సాధారణంగా కాయ నిలవదు. ఎప్పుడో ఒకటి నిలిచి మొలిచినా ఆ మొక్క గొడ్డుదవుతుంది. పైగా పత్తి పుప్పొడి బరువు, జిగురు. గాలికి ఎగరదు, పురుగు మోసుకెళ్లాల్సిందే.

మరి దేశవాళీ పత్తి ఇన్ని ఊళ్లలో ఎలా కనుమరుగైంది? పుప్పొడి వల్ల మాత్రం కాదమ్మా. ఇప్పుడు దేశంలో పత్తి నూటికి తొంభై పాళ్లకు పైగా బీటీయే. దుకాణంలో వేరే గింజ దొరకదు. జిన్నింగ్ మిల్లులో అన్ని గింజలూ కలిసిపోతాయి. మూడేళ్లు విత్తనం కట్టుకోకపోతే నాలుగో ఏడు అడుగుదామన్నా ఊళ్లో ఎవరి దగ్గరా ఉండదు. పాత విత్తనం కలుషితమై చచ్చిపోయిన సందర్భాల కన్నా ఎవరూ వేయక చచ్చిపోయినవే నేను ఎక్కువ చూశాను.

కలవడం అన్నది కూడా పువ్వు దగ్గర కన్నా కల్లం దగ్గరే ఎక్కువ. చోడవరం వైపు ఒక వరి విత్తన క్షేత్రం గుర్తొస్తోంది. రైతు పెద్దాయన, అక్షరం రాదు గానీ పంట మీద కన్ను గొప్పది. మూడుసార్లు చేలో దిగి కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, ఏరేశాడు. నేను పూత దశలో ఒకసారి, కోత ముందు ఒకసారి వెళ్లి చూస్తే అద్దంలా ఉంది చేను. గింజ నమూనా పరీక్షకు పంపితే వేరే రకం కలిసిందని తిప్పి పంపేశారు. ఆయన సంచి ముందు కూర్చుని ‘పొలంలో లేంది గోనిలోకి ఎలాగొచ్చింది బావూ?’ అని నన్ను అడిగాడు. అదే కల్లంలో ముందురోజు తోడల్లుడి వడ్లు నూర్చారట. ఊడ్చామనే చెప్పారు. కల్లం పగుళ్లలో ఉన్న గింజ చీపురుకు వస్తుందా? ఇప్పుడైతే కల్లాల కన్నా కోత మిషన్లు పెద్ద సమస్య. నాలుగు ఊళ్లు తిరిగొచ్చిన మిషన్ కడుపులో నాలుగు ఊళ్ల వడ్లూ ఉంటాయి.

జీఎం విషయంలోనూ ఇదే జరిగింది, చిన్న స్థాయిలో కాదు. 2006లో అమెరికాలో ఎల్ఎల్ 601 అనే జీఎం వరి జాడలు మామూలు పొడుగు బియ్యంలో బయటపడ్డాయి. ఆ రకం దుకాణంలోకి ఎప్పుడూ రాలేదు, అంతకు ముందు ప్రయోగ క్షేత్రాల్లో మాత్రమే పండించారు. వరి తనలో తాను ఫలించే పంటే కదా, అయినా విత్తనం వెంట పొడుగు బియ్యం పండే రాష్ట్రాలకు పాకింది. యూరప్ దేశాలు బియ్యం ఆపేశాయి, ధర పడిపోయింది. బేయర్ కంపెనీ 2011లో 75 కోట్ల డాలర్లు రైతులకు ఇచ్చి రాజీ చేసుకుంది. మూడు మీటర్ల దూరం పుప్పొడిని ఆపుతుంది గానీ సంచిని ఆపదు.

కాబట్టి మీరు చెయ్యవలసిన పని ఎక్కువ భాగం మీ చేతిలోదే. వరి విత్తనానికి చేను మధ్యలో ఒక చెక్క ఎంచుకోండి. చుట్టూ మూడు మీటర్లు వదిలేసి, మధ్యలో మంచి వెన్నులు మూడు నాలుగు వందలు చేత్తో కోయండి. మిషన్ దగ్గరికి పోనివ్వకండి. ఇంటి దగ్గర పరదా మీద కర్రతో కొట్టి రాల్చండి. కిందటేడు ఆ మడిలో వేరే రకం ఉంటే రాలిన గింజ మళ్లీ మొలుస్తుంది. అందుకని నాట్లకు ముందు ఒకసారి తడిపెట్టి, మొలిచాక దమ్ములో కలిపెయ్యండి. తిండి గింజకు మిషన్ తప్పదనుకుంటే మొదట దించిన రెండు మూడు బస్తాలు విడిగా పెట్టండి, వాటిని ఫలానా రకం అని పేరు పెట్టి అమ్మొద్దు. కొత్త గోనెలు, లేదా ఉడకబెట్టి ఆరేసిన గోనెలు వాడండి. లోపల ఒకటి, బయట ఒకటి చీటీ పెట్టండి. బయటి చీటీ ఎలుక తింటుంది, నా అనుభవం.

వంగకు తేలిక ఉపాయం ఉంది. విత్తనానికి ఉంచే మొక్కలు నాలుగింటికి మొగ్గ దశలోనే పల్చటి గుడ్డ సంచి తొడగండి, పిందె దిగాక తీసేసి ఆ కాయకు దారం కట్టండి. వంగ ఎక్కువగా తన పుప్పొడితోనే కాస్తుంది కాబట్టి సంచిలోనూ నిలుస్తుంది. వంగ దగ్గర ఇంత జాగ్రత్త ఎందుకు చెబుతున్నానంటే, బీటీ వంగకు 2009 అక్టోబరులో కేంద్రంలోని జన్యు ఇంజినీరింగ్ మదింపు కమిటీ, అదే జీఈఏసీ, సరే అంది. అప్పటి మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో జనం మాట విని 2010 ఫిబ్రవరి 9న ఆపేశారు. ఆ నిలుపుదల ఉండగానే 2019లో హరియాణాలోని ఫతేహాబాద్‌లో ఒక రైతు చేలో బీటీ వంగ దొరికింది. కాగితం మీద ఆగింది నేల మీద ఆగుతుందని లేదు.

మీరు అడగనిది ఒకటి చెబుతాను. ఈ నెలలో మీకు అసలు ప్రమాదం పుప్పొడి కాదు, గడ్డిమందు. బీజీ-3 అని ఊళ్లలో అనేది గ్లైఫోసేట్ అనే గడ్డిమందు తట్టుకునేలా చేసిన పత్తి. దానికి దేశంలో అనుమతి లేదు. 2017-18 ప్రాంతంలో ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్‌లలో పెద్ద ఎత్తున బయటపడింది. ఆ గింజ వేసినాయన తప్పకుండా పత్తి మీదుగా గ్లైఫోసేట్ కొడతాడు, అందుకే కదా వేసింది. సాయంత్రం సముద్రం గాలి తిరిగే వేళ కొడితే తుంపర మీ నువ్వుల మీద పడి వారంలో పసుపెక్కి మాడిపోతుంది. 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్‌ను లైసెన్సు ఉన్న పురుగు నివారణ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఊరి దుకాణంలో అది ఎంతవరకు అమలవుతోందో మీరూ నేనూ చూస్తూనే ఉన్నాం. ఆయనతో మాట్లాడి, గాలి లేని పొద్దున్నే కొట్టమని, ముందురోజు ఫోన్ చెయ్యమని అడగండి. గట్టు వెంబడి మూడు సాళ్లు కంది, జొన్న గుబురుగా వేసి, వాటిని కోసి విడిగా పెట్టండి. సేంద్రియ తనిఖీకి వచ్చేవాళ్లు అడిగే బఫర్, అంటే అడ్డు పట్టీ, కూడా అదే అవుతుంది.

ఇక ఫిర్యాదు. చట్టం లేదని మీరు రాశారు, ఉంది. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో నియమాలు వచ్చాయి. అనుమతి లేని జీఎం విత్తనం తయారీ, అమ్మకం, వాడకం అన్నీ వాటి కిందికే వస్తాయి. అయిదేళ్ల జైలు అని పాత పత్రికల్లో చదివి ఉంటారు. 2023 జన్ విశ్వాస్ చట్టం దాన్ని మార్చి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా చేసింది. విత్తన చట్టం ప్రకారం మీ మండల వ్యవసాయాధికారే విత్తన ఇన్‌స్పెక్టరు. నమూనా తీసి గుంటూరులోని జన్యుమార్పిడి పంటల పరీక్ష ప్రయోగశాలకు పంపే అధికారం ఆయనకుంది. ఆకు నలిపి స్ట్రిప్ ముంచితే పది నిమిషాల్లో గీత కనిపించే కిట్లు కూడా ఉన్నాయి. కానీ మామూలు బీటీ స్ట్రిప్‌తో అనుమతి ఉన్న బీటీ పత్తి బీజీ-2కూ దీనికీ తేడా తెలియదు. గడ్డిమందు తట్టుకునే ప్రొటీన్‌ను పట్టే స్ట్రిప్ వేరే ఉంటుంది, అది అడగండి.

అర్జీ పెట్టేటప్పుడు ఒక మాట. కౌలు రైతు మీద కాకుండా, ఆ ప్యాకెట్ అమ్మినవాడి మీద పెట్టండి. ఖాళీ ప్యాకెట్ గట్టు మీద దొరికితే ఫొటో తీయండి, లాట్ నంబరు లేకపోవడమే సాక్ష్యం. ఆ కౌలాయన పరిస్థితి చూడండి. బిల్లు లేదు, పంట పోతే 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద వచ్చే నష్టపరిహారం కూడా అడగలేడు. కలుపు కూలి దొరక్క, దొరికినా ఇచ్చుకోలేక ఆ గింజ కొన్నాడు. ఆయన్ని దొంగని చేస్తే మీ గట్టు పక్కన శత్రువు మిగులుతాడు, అమ్మినవాడు వచ్చే ఏడు ఇంకో ఊళ్లో అమ్ముకుంటాడు.

అదే 2001 చట్టం మీకు పెద్ద అండ. మీ విత్తనం మీరు దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు. తెలియక మీ చేలోకి ఎవరి జన్యువో వచ్చినా మిమ్మల్ని దొంగ అనడానికి లేదు. కెనడాలో ఆవాల జాతి పంట వేసిన ఒక రైతు మీద మోన్సాంటో పేటెంటు కేసు వేసి 2004లో అక్కడి సుప్రీంకోర్టులో గెలిచింది. మన చట్టంలో రైతుకు ఆ విషయంలో ప్రత్యేక రక్షణ రాశారు. మీ పాత వరిని రైతు రకంగా ఉచితంగా రిజిస్టరు చేయించుకోవచ్చు కూడా. చేయించండి. రేపు ఎవరైనా ‘నీ రకం ముందు ఎలా ఉండేది’ అని అడిగితే చూపడానికి కొలతలతో ఒక రికార్డు ఉంటుంది.

చట్టంలో నిజంగా లేనిది ఒకటే. కలుషితమైతే నష్టం ఎవరు కట్టాలి? దానికి మన దగ్గర నేరుగా జవాబు చెప్పే చట్టం లేదు. 2013లో లోక్‌సభలో పెట్టిన జీవసాంకేతిక నియంత్రణ ప్రాధికార బిల్లు సభతోపాటే చెల్లిపోయింది. ఈ ఖాళీ ఎంత ప్రమాదమో ఆస్ట్రేలియాలో చూశాం. అక్కడ పశ్చిమ రాష్ట్రంలో స్టీవ్ మార్ష్ అనే సేంద్రియ రైతు ఓట్స్, గోధుమ, గొర్రెలు పెంచేవాడు. 2010లో పక్కాయన కోసి పడేసిన జీఎం కనోలా (ఆవాల జాతి పంట) గాలికి ఎగిరొచ్చి ఆయన పొలంలో పడింది. ఓట్స్‌తో, గొర్రెలతో కనోలా సంకరం అయ్యేది కాదు కదా! అయినా సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ పొలంలో దాదాపు డెబ్బై శాతానికి గుర్తింపు తీసేసింది. ఆయన కోర్టుకు వెళ్లి 2014లో ఓడాడు, అప్పీలులోనూ ఓడాడు. పక్కాయన చట్టబద్ధమైన పంటే వేశాడు, మామూలుగానే కోశాడు అన్నది కోర్టు మాట. జర్మనీలో దీనికి తలకిందులు. జీఎం పంట వేసినవాడే పక్కవాడి నష్టానికి బాధ్యుడని చట్టం చేశారు, 2010లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని నిలబెట్టింది.

మీ సర్టిఫికెట్ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. పత్తి పక్కన ఉన్నంత మాత్రాన మీ వరి కలుషితం కాదు. కానీ సేంద్రియ ప్రమాణాల్లో జీఎం వాడకం పూర్తిగా నిషేధం, కాబట్టి తనిఖీదారు అడుగుతాడు. అడిగే దాకా ఆగకుండా మీరే ముందు రాసి ఇవ్వండి. చేను పటం గీసి, పత్తి ఎటు ఉందో, బఫర్ ఎన్ని సాళ్లో, విత్తనం ఎక్కడి నుంచి తీశారో తేదీలతో పెట్టండి. దాచారన్న అనుమానమే సర్టిఫికెట్‌కు ఎక్కువ చేటు. అన్నట్టు మీ గేదెకు పత్తిచెక్క పెడుతున్నారా? దేశంలో పత్తిగింజ దాదాపు అంతా బీటీదే అయినప్పుడు ఆ చెక్క ఎక్కడిదవుతుంది? దానితో మీ వరి విత్తనానికి ఏమీ కాదు గానీ, పాడిని కూడా సేంద్రియమని అమ్మాలనుకుంటే అది కుదరదు. నువ్వుల చెక్కకు మారండి, ఎలాగూ మీ ఇంటి పంటే.

నియంత్రణ గురించి నా మాట కూడా అడిగారు కాబట్టి చెబుతాను. బీటీ పత్తి మొదటి ఏళ్లలో శనగపచ్చ పురుగు మీద మందుల పిచికారీ తగ్గించింది, అది నేను కళ్లారా చూశాను, కాదంటే అబద్ధం. పురుగు బీటీకి అలవాటు పడకుండా ఆశ్రయ పంటగా చుట్టూ నాన్-బీటీ వేయమని ప్యాకెట్‌తో చిన్న పొట్లం ఇచ్చేవాళ్లు. దాన్ని వేసిన రైతును వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పొట్లం చెత్తలోకి పోయింది, గులాబీ పురుగు తట్టుకోవడం నేర్చుకుంది. నియమం రాసినవాళ్లు అరెకరం రైతును దృష్టిలో పెట్టుకోలేదు. నియమాల్లో కలెక్టరు అధ్యక్షతన జిల్లా స్థాయి కమిటీ కూడా ఉంది. నేను పనిచేసిన ఒక జిల్లాలో, పేరు వద్దు, దాని గురించి అడిగితే ‘ఏ కమిటీ?’ అన్నారు. ఢిల్లీలో ఎన్ని సంతకాలైనా పెట్టనీ, మండలంలో స్ట్రిప్ పట్టుకునే చెయ్యి లేకపోతే ఆ నియంత్రణ అటకెక్కినట్టే.

ఆవాల కేసు మీకు తెలిసే ఉంటుంది. డీఎంహెచ్-11 జీఎం ఆవాలకు 2022 అక్టోబరులో, వాణిజ్య సాగుకు ముందు విత్తనోత్పత్తి, పరీక్షల కోసం విడుదలకు అనుమతి ఇచ్చారు. 2024 జులై 23న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు దాని మీద చెరో మాట చెప్పారు. కానీ రాష్ట్రాలనూ రైతు ప్రతినిధులనూ సంప్రదించి జీఎం మీద జాతీయ విధానం చెయ్యాలన్న దగ్గర ఇద్దరూ ఒకటయ్యారు. ఆ విధానంలో నష్టం ఎవరు భరించాలన్న పేజీ లేకపోతే మిగతా పేజీలు ఎన్ని ఉన్నా మీలాంటి వాళ్లకు లాభం లేదు. నన్నడిగితే ఆ భారం గింజ అమ్మిన కంపెనీ మీద ఉండాలి, పక్క చేను రైతు మీద కాదు. జర్మనీ పద్ధతి ఇక్కడ దించితే కౌలు రైతు మునుగుతాడు.

చివరికి జీన్ ఎడిటింగ్ వరి. 2025 మే 4న కేంద్రం రెండు రకాలు ప్రకటించింది. రెండూ మన ఇంటి రకాల మీద చేసినవే. బాపట్ల సాంబ మసూరిని హైదరాబాద్ రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ మార్చి ‘కమల’ చేసింది. మారుటేరు 1010ను ఢిల్లీలోని పూసా సంస్థ మార్చి ఇంకోటి చేసింది. వీటిలో బయటి జీవి జన్యువు మిగల్లేదని, ఉన్న జన్యువునే సవరించామని సంస్థల మాట. 2022 మార్చిలో ఇలాంటివాటికి 1989 నియమాల్లో ముఖ్యమైన వాటి నుంచి మినహాయింపు ఇచ్చారు, అందుకే జీఈఏసీ దాకా పోలేదు. మీ పాత వరికి ఇది మరో కొత్త రకం పక్కన ఉన్నట్టే, మూడు మీటర్లు, విడి కల్లం చాలు. నాకున్న అభ్యంతరం వేరు. ఇందులో స్ట్రిప్‌కు దొరికే బయటి ప్రొటీన్ ఉండదు. కాబట్టి సంచి మీద స్పష్టంగా రాయకపోతే సాంబ మసూరి అని కొన్నది ఏ సాంబ మసూరో రైతుకు తెలిసే దారి లేదు. మినహాయింపు ఇస్తే ఇచ్చారు, పేరు ముద్ర కూడా మినహాయించకూడదు.

ఇప్పుడు మీరొక పని చెయ్యాలి. పైన కొండపత్తికి భయం లేదన్నాను కదా, అది నిజంగా కొండపత్తి అయితేనే. శ్రీకాకుళం నుంచి తెచ్చిన గింజ ఏ సంచిలోంచి వచ్చిందో నాకు తెలియదు. రేపు పొద్దున్న తొమ్మిదింటికి పువ్వు విచ్చాక చూడండి. దేశవాళీదైతే పువ్వు పసుపుగా ఉండి లోపల ముదురు ఎరుపు మచ్చ ఉంటుంది, ఆకు సన్నగా లోతుగా చీలి ఉంటుంది, కాయ చిన్నది, కిందికి వేలాడుతుంది. పువ్వు మీగడ రంగులో ఉండి మర్నాటికి గులాబీ రంగుకు తిరిగితే అది అమెరికన్ జాతి. అప్పుడు పక్క చేను తేనెటీగలు మీకూ చుట్టాలే, కనీసం యాభై మీటర్లు కావాలి, ఈ ఏటి గింజ విత్తనానికి పనికిరాదు. అలాంటి మొక్క సాళ్లలో ఒకటీ అరా ఉంటే పీకెయ్యండి. పువ్వు, ఆకు రెండూ కనిపించేలా ఫొటో తీసి పెట్టండి, చూసి చెబుతాను.